రెండో రాష్ట్రానికి కవరు

ఆరు దాటి రెండు నిమిషాలయింది, కొరియర్ బండి ఏడింటికి వస్తుంది, అంటే యాభై ఎనిమిది నిమిషాలు, ఆరున్నరకల్లా రాకేష్‌కు సరేననో వద్దనో చెప్పాలి. వనపర్తి బస్టాండు వెనక, రాకేష్ జిరాక్స్ దుకాణం ముందు బెంచీ మీద పావని కూర్చుంది. ఒడిలో కవరుంది. కవరు మీద ప్లాస్టిక్ ఉంది. లామినేషన్ ప్లాస్టిక్, ఆధార్ కార్డులకు, గోడకు తగిలించే పటాలకు వేసేది. ప్లాస్టిక్ కింద ఖాకీ కవరు, కవరు మూత మీద యూనివర్సిటీ ముద్ర, సగం మూత మీద, సగం కవరు మీద పడేట్టు కొట్టిన ముద్ర, ముద్ర మీదుగా ఎవరిదో సంతకం, ఆకుపచ్చ సిరా. లోపల నాలుగు కాగితాలుండాలి, ఆమె డిగ్రీ మార్కులు, పీజీ మార్కులు. ఆమె వాటిని చూడలేదు. ఎవరూ చూడలేదు. తెరిస్తే చెల్లదన్నారు, తెరవలేదు, ఇప్పుడు తెరవాలన్నా తెరుచుకోదు, కత్తిరించాలి. కవరు ఎత్తితే చుడీదార్ బట్ట దానితో పాటు లేస్తోంది, చెమట, జూన్ పంతొమ్మిది, వాన పడలేదు, పడేట్టుంది, మైకులో అచ్చంపేట బస్సు నాలుగో నంబరు అంటున్నారు, నాలుగో నంబరు దగ్గర బస్సు లేదు, మనుషులున్నారు, వాళ్ళు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు.

అమెరికాలో పన్నులు, ఖాతాలు చూసే లెక్కల లైసెన్సు దేశమంతటికీ ఒకటి కాదు, ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఇస్తుంది, ఈ సంగతి అమెరికా పన్ను రిటర్నులు చూసే హైదరాబాదు కంపెనీలో చేరిన రోజు ఆమెకు తెలియదు. పరీక్ష అన్ని రాష్ట్రాలకూ ఒకటే, నాలుగు పేపర్లు, హైదరాబాదులో కూర్చుని రాయొచ్చు. మొదటి రాష్ట్రం పేరు మీద రాసింది, రెండేళ్ళ రెండు నెలలు పట్టింది, మూడో పేపరు రెండోసారి రాస్తే వచ్చింది. పాసయ్యాక మొదటి రాష్ట్రం, మా దేశపు సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకు లైసెన్సు ఇవ్వమంది. రెండో రాష్ట్రం ఇస్తుంది. మార్కులు అక్కడికి బదిలీ చేయించుకుంది. చదువుకున్న కాగితాలు మాత్రం మళ్ళీ పంపాలి, యూనివర్సిటీ మూసి ముద్ర కొట్టిన కవరులో, జూన్ ముప్పై లోపల. జూలై ఒకటి నుంచి కొత్త నిబంధన, దాని ప్రకారం ఆమె చదువు ఒక ఏడాది తక్కువ. ఇవాళ పంపితే ఆరు రోజులు, చేరుతుంది. కంపెనీ సెప్టెంబరు నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళనే రిటర్నులు సరిచూసే పనిలో ఉంచుతానంది, లేనివాళ్ళ గురించి మెయిల్లో ఒకటే మాట రాసింది, విడుదల. ఆ మెయిల్ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో అంటే అమ్మకు. పాన్‌గల్ దగ్గర ఊళ్ళో అమ్మ ఒక్కతే. రెండో రాష్ట్రం పేరు రెండుసార్లు చెప్పింది, అమ్మకు నోరు తిరగలేదు, అప్పటినుంచి ఆ రాష్ట్రం అంటోంది. యెప్పుడు పోతవే ఆ రాష్ట్రానికి? పోనమ్మా, ఈడనే ఉండి చేస్త. పోకుంటనే లైసెన్సు ఇస్తరా? ఇస్తరు. అమ్మ చాటతో చెరుగుతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. మీ నాయిన పంతొమ్మిదేండ్లు పోయొచ్చిండు, ఒక్క కాయితం ఇయ్యలే, అంది. తిట్టినట్టు కాదు. ధర చెప్పినట్టు అంది.

కవరు గద్వాలకు రావలసింది. పావని ఉండేది గద్వాలలో. యూనివర్సిటీ దరఖాస్తులో ఆధార్ మీదున్న చిరునామా తప్ప వేరేది రాయడానికి లేదు, అందుకని ఊరికి వచ్చింది. వస్తే తెరవొద్దని అమ్మకు మూడుసార్లు చెప్పింది, తెరిస్తే పనికి రాదని చెప్పింది, సరే అన్నది అమ్మ. సోమవారం సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది.

"కవరొచ్చింది బిడ్డా. పోస్టు వెంకటన్న తెచ్చిచ్చిండు. తెరవలే."

"మంచిది. బియ్యం డబ్బాల పెట్టు, నేనొచ్చి తీస్కపోత."

"డబ్బాల ఎందుకు? పాన్‌గల్ పోయి ప్లాస్టిక్ ఏయించుకొచ్చిన."

"దేనికి?"

"కవరుకు."

"కవరుకెందుకే?"

"తెరవొద్దంటివి గద. లోపలియి తీయకుంట వాటికెట్ల ఏయాలె? దుకాణపాయన గూడ తీయమనే అన్నడు. నా బిడ్డ తీయొద్దన్నది, కవరు పైకెళ్ళే ఏయి అన్న. మందముందని మిషిన్ల పోలే, అంచులకు ఇస్త్రీపెట్టె పెట్టిండు. మస్తు గట్టిగుంది. నీళ్ళల్ల ఏసినా ఏం గాదు."

అప్పుడు పావని ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. మంచిగుంది, అంది. మర్నాడు ఊరికి పోయి కవరు చేతిలోకి తీసుకున్నప్పుడూ మంచిగుంది అనే అంది, నిన్న రాత్రి ఫోన్లో కూడా. మూడు రోజుల్లో మూడుసార్లు. అమ్మ కవరును పమిట కొంగుతో తుడిచి ఇచ్చింది. తెరవొద్దన్న మాట అమ్మ విన్నది, తెరవలేదు, ఆ కవరుకు అంతకంటే కాపలా ఇంకెవరూ పెట్టలేరు, ఆ సంగతి ఎవరికి చెప్పాలి, చెప్తే ఏమంటారు, నవ్వుతారు. నిన్న యూనివర్సిటీలో నవ్వారు.

పరీక్షల విభాగంలో దశరథం సారు, రిటైర్ కావడానికి ఏడు నెలలుంది, ఆయనే చెప్పాడు, అడగకుండానే. కవరును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పక్క బల్లవాళ్ళను పిలిచాడు. ముగ్గురు వచ్చారు. ఒకామె, మూసింది మూసినట్టే ఉందిగద సార్, ఇంక గట్టిగ మూసిండ్రు, అంది, అందరూ నవ్వారు, పావని కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. తర్వాత ఆయన నవ్వడం ఆపి కుర్చీ చూపించాడు. కొత్తగ దరఖాస్తు పెట్టు తల్లీ, నలభై ఐదు రోజులు, నా చేతుల ఏం లేదు, రిజిస్టర్ల ఎక్కినంక వరస తప్పించనీకి రాదు. మళ్ళీ తనే, ఉండు, అని సొరుగు తీసి ముద్ర బయటికి తీశాడు, ఇంకు ప్యాడు మీద నొక్కి ప్లాస్టిక్ మీద కొట్టాడు. ముద్ర పడింది. ఆరనిచ్చాడు. ఐదు నిమిషాల తర్వాత బొటనవేలితో రాస్తే పోయింది, వేలు నీలంగా అయింది. వేలు చూసుకుంటూ, మా అమ్మ నా డిగ్రీ కాయితానికి పసుపు రాసి నాలుగు మూలల బొట్లు పెట్టింది, ఉద్యోగానికి ఆ కాయితమే పట్టుకపోయిన, ఆపీసరు నా ముఖం చూసి కాయితం చూసిండు, డూప్లికేట్ తీస్కరమ్మన్నడు, అన్నాడు. మీ అమ్మ ఏం జేస్తదమ్మా? కూలి సార్. నాయిన? లేడు సార్. అచ్చా, అన్నాడు, కవరును రెండు చేతులతో ఇచ్చాడు. ప్లాస్టిక్ మూలన ఇంకా నీలం మరక ఉంది, ఇప్పుడు ఆమె గోరుతో గీస్తే వస్తోంది, కొంచెమే వస్తోంది.

లోపల రాకేష్ ఒక ముసలామెకు ఆధార్ జిరాక్సులు తీస్తున్నాడు, రెండు వైపులా ఒకే కాగితం మీద రావాలని ఆమె అంటోంది, వస్తయమ్మా, ఆగు, అంటున్నాడు. రాకేష్ ఇక్కడి డిగ్రీ కాలేజీలో పావనికి రెండేళ్ళు వెనక. అప్పుడు కబడ్డీ ఆడేవాడు. ఇప్పుడు జిరాక్స్, కొరియర్, పాస్‌పోర్టు దరఖాస్తులు, రబ్బరు ముద్రలు కూడా చేయించి ఇస్తాడు, పంచాయతీలకు, బడులకు. ఐదున్నరకు కవరు చూసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. కొరియర్ కాగితం నింపబోయి ఆగాడు.

"అక్కా, ఇది గిట్లనే పంపుతవా? అక్కడోడు చెత్తబుట్టల ఏస్తడు."

"వేరే దారి లేదు."

"ఉంది. అంచు కోసి కాయితాలు తీస్త. కాయితాలకు ఏం కాలే, చూడు, కదులుతున్నయి. గిసుంటి ఖాకీ కవరే ఉంది నా దగ్గర. ముద్ర అరగంటల చేస్త. ఆకుపచ్చ పెన్ను గూడ ఉంది."

"తెలుస్తది."

"ఎవరికి? అమెరికోడు పట్టుకుంటడా? వాడు మన వనపర్తిని పటంల గూడ పట్టుకోలేడు."

ఆమెకు నవ్వొచ్చింది. కాసేపు ఆలోచించుకుంటానంది. ఏడింటికి బండి, ఆరున్నరకల్ల చెప్పాలె, అన్నాడు, తలుపు పక్కన బెంచీ తుడిచాడు. డబ్బులు అడగలేదు. అడిగి ఉంటే వద్దనడం సులువయ్యేది. మార్కులు నిజమే, కాగితాలు నిజమే, కవరు ఒక్కటే కదా, కవరు అంటే ఏముంది, బంక, ముద్ర. ఫోన్లో తెరిచిన రెండో రాష్ట్రం దరఖాస్తులో ఇరవై రెండో వరుసలో ఒక ప్రశ్న ఉంది, దీనితో జతపరిచిన కవరు మీ విద్యాసంస్థ మూసి ఇచ్చిన స్థితిలోనే ఉందని ధృవీకరిస్తున్నారా. ఈ కవరుకు అవునని గడిలో గీత పెట్టొచ్చు, అది నిజం, చూసినవాడు నమ్మడు. రాకేష్ చేసే కవరుకు అవునంటే అబద్ధం, చూసినవాడు నమ్ముతాడు, మారు మాట్లాడడు. ఆ వరుస మీద కళ్ళు పెట్టి ఆమె చాలాసేపు చూసింది, ఫోన్ తెర చీకటయితే మళ్ళీ వేలు పెట్టింది.

పావుతక్కువ ఆరింటికి అర్చన ఫోన్ చేసింది, పావని రాకేష్ అన్న మాట చెప్పింది. అర్చనది నాగర్‌కర్నూల్, కంపెనీలో ఇద్దరూ ఒకే జట్టు, పోయిన ఏడాదే లైసెన్సు వచ్చింది, వేరే రాష్ట్రానిది. కంపెనీ ఇంటి నుంచి పని చేసుకోమన్నాక అర్చన నాగర్‌కర్నూల్‌లో అత్తగారింట్లో ఉంటోంది, పైగదిలో, తలుపేసుకుని. పావనికి ఫోన్ చేసేది ఇద్దరే, ఒకరు అమ్మ, ఒకరు అర్చన. ఊకె పరేషాన్ అయితవు నువ్వు, అంది అర్చన. చేసేయ్. లైసెన్సుకు ఏడాది పని కావాలె, నా అనుభవం లెటర్ల పన్నెండు నెలలు రాసిండ్రు, నేను చేసింది తొమ్మిది, నీకు తెల్వదా? తెలుసు. పావనికి తెలుసు, ఆ మూడు నెలలు అర్చన కాన్పుకు పోయింది, పావనే అర్చన పని చేసింది, ఆ సంగతి అర్చనకూ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇవాళ మాట్లాడింది. ఎవరికన్న నష్టమయిందా చెప్పు, అంది. కాలేదు. ఎవరికీ కాలేదు. అయితే ఎందుకు ఆగుతున్నవ్? వెనక బిడ్డ ఏడుస్తోంది, ఎవరో తలుపు కొట్టారు, వస్తున్న అత్తమ్మా, అని అర్చన పెట్టేసింది. పావని ఫోన్‌ను ఒళ్ళో కవరు మీద పెట్టింది.

రెండో రాష్ట్రంలో ఆమెకు తెలిసినవాళ్ళు నూట నలభై మంది. వాళ్ళలో ఎవరికీ ఆమె తెలియదు. వాళ్ళ పన్ను రిటర్నులు ఆమె చూస్తుంది, నాలుగేళ్ళుగా అవే పేర్లు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఒక రైతు గడ్డి పండిస్తాడు, ఆయనకు ట్రాక్టరు ఒకటి, ట్రైలర్లు రెండు, పోయిన ఏడాది వడగళ్ళకు బీమా సొమ్ము వచ్చింది. నిరుడు వరకు భార్యాభర్తలిద్దరి సంతకాలుండేవి, ఈసారి ఆయనది ఒక్కటే వచ్చింది, ఆస్పత్రి ఖర్చులు పదకొండు పేజీలు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, ఆగస్టు తర్వాత లేవు. పావని ఆ పేజీలు కూడి చూసింది, సరిపోయింది, టిక్కు పెట్టింది, తర్వాతి ఫైలు తెరవకుండా లేచి నీళ్ళు తాగొచ్చింది. భార్య పేరు మీద పూలు కొన్న రసీదు కూడా పంపాడు, అది ఖర్చు కింద రాదు. వద్దని రాయాలి. రాసింది. ఇంకొకామె బడిలో పంతులమ్మ, పిల్లలకు పెన్సిళ్ళు కొన్న రసీదులు ఏటా పంపుతుంది, పరిమితి దాటినా పంపుతుంది. ఒకతని కొడుకుకు పదిహేడు నిండాయి, పిల్లల కింద వచ్చే పన్ను రాయితీ వరుస ఒకటి తగ్గింది. వీళ్ళ ఊళ్ళు పటంలో ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు, పిన్ నంబర్లు నోటికి వచ్చు. అక్కడ మంచు పడిందని ఫోన్లో చూస్తే గడ్డి రైతు గుర్తొస్తాడు. గద్వాలలో ఆమె గది ఉన్న సందులో మూడో ఇంట్లో ఎవరుంటారో ఆమెకు తెలియదు.

వనపర్తిలోనే ఉండాలనుకుంది మొదట, అమ్మకు దగ్గర, చదువుకున్న ఊరు. నాలుగు ఇళ్ళు అడిగింది. మొదటి ఇంటామె ఇంటిపేరు అడిగింది, తర్వాత ఏ ఊరని అడిగింది, ఊళ్ళో ఏ పక్క అని అడిగింది, మా ఆయనను అడిగి ఫోన్ చేస్తానంది. రెండో ఇల్లు కూడా ఫోన్ చేస్తానంది. మూడో ఇంట్లో గోడ మీద టులెట్ బోర్డు అలాగే ఉంది, ఇల్లు ఇచ్చేశామన్నారు. నాలుగో ఇంట్లో గేటు దగ్గరే మాట్లాడారు. గద్వాలలో హన్మమ్మ ఏమీ అడగలేదు, కరెంటు బిల్లు వేరే అంది. హన్మమ్మ పుట్టిల్లు రాయచూరు దగ్గర, కిటికీలోంచి కన్నడంలో ఊట ఆయితా, తిన్నావా అంటుంది, ఆయితమ్మా, తిన్నానంటుంది పావని, మూడేళ్ళలో ఇద్దరూ మాట్లాడుకున్నదాంట్లో ఎక్కువ భాగం అదే. ఒక్కోరోజు తినకుండానే ఆయితమ్మా అంటుంది. ఆదివారం పని ఉండదు, సాయంత్రం కోట దాకా నడిచి వస్తుంది, బజ్జీలబండి అతను ఒకటే ప్లేటా అంటాడు, ఒకటే. లైసెన్సు వస్తే ఎవరికి చెప్పాలి. అమ్మకు చెప్తే చాట ఆపి వింటుంది. అర్చన సంబరపడుతుంది, ఐదు నిమిషాలు. లైసెన్సు వస్తే రెండో రాష్ట్రం వాళ్ళ జాబితాలో పేరు ఎక్కుతుంది, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు, పేరు, నంబరు, ఊరు. ఊరు దగ్గర గద్వాల అని వస్తుంది. గడ్డి రైతు వెతుకుతాడా? ఎందుకు వెతుకుతాడు.

నాయిన పేరు ఏ జాబితాలోనూ లేదు. శాంతయ్య, పాన్‌గల్ మండలం, మట్టిపని. పుణె అవతల కాలువలు, ఆనకట్టలు, పంతొమ్మిదేండ్లు, అక్టోబరులో పోయి జూన్‌లో వచ్చేవాడు. మొదటి ఎనిమిదేండ్లు అమ్మ కూడా పోయింది, పావనిని అవ్వ దగ్గర వదిలి. ఒక ఏడాది మేస్త్రీ నాయినకు లేబర్ కార్డు చేయించి ఇచ్చాడు, ఫోటో ఉన్న కార్డు, పచ్చ అట్ట. ఇది జాగ్రత్త, నాకేమన్న అయితే ఇదే, అని నాయిన దాన్ని ఇంట్లో పెట్టి పోయాడు, పనికాడ పోతుందని. అమ్మ దాన్ని చీరలో చుట్టి, చీరను సంచిలో పెట్టి, సంచిని దూలానికి కట్టింది. ఆ తర్వాతి వానకాలం దూలం మీదుగా నీళ్ళు దిగాయి. ఎవరూ చూడలేదు, పైకి సంచి పొడిగా ఉంది. ఫిబ్రవరిలో పనికాడ నాయినకు కామెర్లు ముదిరాయి, రెండు దవాఖానలు తిప్పారు, తోటివాళ్ళు బొలెరోలో తీసుకొచ్చారు, పదకొండు గంటల దారి, దారిలోనే పోయాడు. పావని అప్పుడు ఇంటర్ మొదటి ఏడాది. అన్నీ అయ్యాక సంచి దించి చీర విప్పితే అట్ట ఉంది, ఫోటో లేదు, ఫోటో ఉన్నచోట రంగు ఉంది, రాత చీరకు అంటుకుంది. దాన్నే పట్టుకుని అమ్మ పరిహారం కోసం లేబర్ ఆఫీసుకు పోయింది, పావని వెంట పోయింది, బల్ల వెనక మనిషి అట్టను తిప్పి చూసి, ఇందుల పేరేదమ్మా, అన్నాడు. శాంతయ్య సారు. నువ్వు చెప్తే కాదు, కాయితం చెప్పాలె. అమ్మ ఇంకేదో చెప్పబోయింది, ఏ కాలువ, ఎన్ని గేట్లు, ఏ మేస్త్రీ, ఆ మనిషి తర్వాతి కాగితం తీసుకున్నాడు. బయటికొచ్చాక అమ్మ ఏడవలేదు. బస్టాండులో ఒక దుకాణం ముందు ఆగి, ఇదేంది, ప్లాస్టిక్ ఏస్తున్నరు, ఏస్తే తడవదా, అని అడిగింది. అప్పటినుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితానికీ వేయిస్తుంది. పావని పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, రేషన్ కార్డు, చివరికి గ్యాసు పుస్తకం అట్ట.

ఆరు ఇరవై తొమ్మిది. నాగర్‌కర్నూల్ బస్సు వచ్చింది, కండక్టరు దిగి తలుపు మీద కొడుతున్నాడు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, గాలికి దుమ్ము లేచింది, ఆమె కవరును పొట్టకు ఆనించుకుంది, తర్వాత తీసి చూసింది, ఎందుకు ఆనించుకుంది, దీనికి దుమ్ము పట్టదు. లెక్కల పనిలో ఒక పద్ధతి ఉంది. రసీదు పోయినా, చిరిగినా, ఉండాల్సినట్టు లేకపోయినా, ఉన్నట్టు చూపించకూడదు, దొరికినదాన్ని అలాగే ఫైల్లో పెట్టి దాని మీద ఒక వివరణ రాసి పెట్టాలి. ఏమైంది, ఎవరు చేశారు, ఎప్పుడు, ఎందుకు. నాలుగు వరుసలు చాలు. ఆమె అట్లాంటివి కనీసం మూడు వందలు రాసి ఉంటుంది, గడ్డి రైతుకు రాసింది, ఎలుకలు కొరికిన బిల్లు మీద. నాలుగు వరుసలు తనకోసం రాయడానికి మూడు రోజులుగా కూర్చుంటోంది. మొదటి మూడు వస్తున్నాయి. ఎందుకు అన్న దగ్గర ఆగుతోంది. మా అమ్మకు చదువు రాదు, అని రాసి కొట్టేసింది, అది కారణం కాదు. పొరపాటున, అని రాసి కొట్టేసింది, అమ్మ పొరపాటున చేయలేదు, పనిగట్టుకుని పాన్‌గల్ పోయి చేసింది. అసలు కారణం రాస్తే చీర రాయాలి, దూలం రాయాలి, ఆ కార్డు రాయాలి, అమ్మ పేరు రాయాలి, ముఖం తెలియని మనిషి ఒకరు బల్ల దగ్గర అది చదివి పక్క బల్లవాళ్ళను పిలుస్తారు. ముగ్గురు వస్తారు. రాకేష్ కవరులో అమ్మ ఉండదు. ఎవరూ నవ్వరు. అమ్మ చేసినది ఎప్పుడూ జరగనట్టే ఉంటుంది. అక్కడ ఆమె బెంచీ మీంచి లేచింది.

రాకేష్ తలుపు దగ్గరికి వచ్చాడు, చేతిలో కత్తెర ఉంది.

"అక్కా, ఆరున్నర."

"వద్దు రాకేష్. గిట్లనే పంపుత."

"ఆలోచించుకోని చెప్తున్నవా?"

"ఆ. నీ కంప్యూటర్ పది నిమిషాలు కావాలె. లెటర్ ఒకటి రాస్త."

"లెటర్ల ఏం రాస్తవ్?"

"అయింది అయినట్టు."

అతను కత్తెర వైపు చూసుకుని దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "నీ యిష్టం. వాడు ఒప్పుకోకపోతే?"

"లైసెన్సు రాదు. ఉద్యోగం పోతది."

అది ఆమె మొదటిసారి పైకి అనడం, రాకేష్‌తో. అతను కుర్చీ మీది కాగితాలు తీసి కింద పెట్టాడు. ఆమె కూర్చుంది, మొదటి మూడు వరుసలు టైపు చేసింది. జూన్ పదహారున మా అమ్మ ఈ కవరుకు ప్లాస్టిక్ పూత వేయించింది. కవరును ఎవరూ తెరవలేదు. ముద్ర, సంతకం ప్లాస్టిక్ కింద ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తున్నాయి. చేతులు ఆగాయి. ఆరు ముప్పై ఎనిమిది. ఫోన్ తీసి అమ్మకు చేసింది, రెండు రింగులకే ఎత్తింది, పొయ్యి దగ్గరున్నట్టుంది, కట్టె చిటపటలు.

"పంపినవా బిడ్డా?"

"పంపుతున్న. అమ్మా, ఒక మాట చెప్పాలె. కవరుకు ప్లాస్టిక్ ఏయొద్దుండె. ఏస్తే వాళ్ళు తీసుకుంటరో లేదో తెల్వదు."

పొయ్యి చప్పుడు ఉంది. అమ్మ గిన్నె దించిన చప్పుడు.

"మూడు దినాల సంది మంచిగుందంటివి."

"అన్న."

"ఎందుకన్నవే గట్ల? నేను ఊరంత చెప్పుకొస్తి."

పావని ప్లాస్టిక్ మూలను గోరుతో గీకింది. రాకేష్ బయటికి పోయి, వాన వచ్చేట్టుందని బోర్డు లోపల పెడుతున్నాడు. అమ్మ పొయ్యిలోంచి కట్టె లాగినట్టుంది, నీళ్ళు చల్లిన చప్పుడు.

"ఇప్పుడేం జేస్తవ్?"

"లెటర్ రాస్తున్న. ఎట్లయిందో, ఎందుకయిందో. నాయిన కార్డు సంగతి గూడ రాయాలె. నీ పేరు రాయాలె. రాయనా?"

"రాయి. నేనే ఏయించిన్నని రాయి. నీ మీద ఏసుకోకు." కొంచెం ఆగింది. "వాళ్ళకు నమ్మకం లేకుంటే నన్ను అడుగుమను. నా నంబరియ్యి."

"నిన్నా?"

"నేను గాక ఇంకెవరు చెప్తరు? తెరవలేదని నాకు తెల్వదా? దుకాణంల ఆయన పక్కన్నే నిలవడ్డ, అయ్యేదాక. కన్ను దియ్యలే."

"వాళ్ళు చేస్తే అర్ధరాత్రి చేస్తరమ్మా, వాళ్ళకు అప్పుడు పగలు."

"చేయనీ. ఎత్తుత."

"తెలుగు రాదు వాళ్ళకు."

"హిందీల చెప్త," అంది అమ్మ. "ఎనిమిదేండ్లు ఊకె ఉన్ననా ఆడ? మేస్త్రీతోని కొట్లాడిందంత హిందీలనే."

అమ్మ పెట్టేసింది. ఆరు నలభై ఆరు. పావని నాలుగో వరుస రాసింది, నాలుగో వరుస ఏడు వరుసలయింది, కార్డు, చీర, దూలం, వాన, బల్ల వెనక మనిషి అన్న మాట. చదవలేదు, చదివితే కొట్టేస్తుంది. తన పేరు రాసింది. దరఖాస్తు నంబరు వేసింది. బయట బండి హారను మోగింది, రాకేష్ ఐదు నిమిషాలాగన్నా అని అరిచాడు. సంతకానికి వదిలిన చోటు కింద ఆమె ఇంకో వరుస తెరిచింది, వివరాలకు సంప్రదించవలసినవారు, పెంటమ్మ, తల్లి. తొంభై ఒకటి కొట్టి పది అంకెలు వేసింది. ఎంటర్ నొక్కింది. ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు, తెలుగు, హిందీ మాట్లాడుతుంది.